పాత బండి పెట్రోల్ కాక్ కారుతోందా? ఇంట్లోనే ఇలా సరిచేసుకోండి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఇంకా తిరుగుతున్న పాత స్ప్లెండర్లు, సీడీ 100లు, ఆర్‌ఎక్స్ 100లు, బాక్సర్లు చూడండి. చాలావాటికి పెట్రోల్ కాక్, అంటే ట్యాంకు కింద పెట్రోల్‌ను వదిలే, ఆపే కుళాయి, దాని మీట నెలల తరబడి ఒకేచోట ఉంటుంది. ఎప్పుడో ఆన్‌లో పెట్టారు, అది అలాగే ఉండిపోయింది. పెట్రోల్ అయిపోయిన రోజు రిజర్వ్‌కి తిప్పడం తప్ప దాని జోలికి ఎవరూ పోరు. రాత్రి ఆఫ్ చేసి పడుకునేవాళ్లు మరీ తక్కువ. కదలిక లేక మీట వెనకున్న రబ్బరు లోహానికి అతుక్కుపోయి గట్టిపడుతుంది. ఒకరోజు బలవంతంగా తిప్పగానే దాని అంచు చిరుగుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ, రిజర్వ్‌లో పెట్టాకే కారడం మొదలైంది" అని మెకానిక్ షెడ్డులో తరచూ వినిపించే మాటకు కారణం అదే.

కాక్ చిన్న వస్తువే. చేతిలో పది, పన్నెండు నంబర్ల పానాలు, ఒకే పెద్ద నట్టుతో ఉండే కాక్ అయితే దానికి సరిపడే పానా, మంచి స్టార్ స్క్రూడ్రైవర్, నోస్ ప్లయర్, కాస్త ఓపిక ఉంటే మీరే విప్పి సరిచేసుకోవచ్చు. మన ఏజెన్సీ ఊళ్లలో మెకానిక్ ఉన్న చోటికి బండిని తోసుకుంటూ పోవడం కంటే ఇదే సులువు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) బళ్లలో చాలావాటికి పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్ ఉండదు, ట్యాంకులో పంపు ఉంటుంది. వాటికి ఈ పద్ధతి వర్తించదు.

లోపల ఏముంటుంది

ట్యాంకులోకి కాక్ నుంచి ఒక సన్నని గొట్టం నిలువుగా లేచి ఉంటుంది. మీట ఆన్‌లో ఉంటే పెట్రోల్ ఆ గొట్టం పైకొసనుంచి వస్తుంది. మట్టం గొట్టం కంటే కిందికి పోతే బండి ఆగుతుంది. అప్పుడు రిజర్వ్‌కి తిప్పితే గొట్టం మొదట్లో, ట్యాంకు అడుగున ఉన్న రంధ్రం తెరుచుకుంటుంది. చెత్తయినా నీళ్లయినా పేరుకునేది ఆ అడుగునే. రిజర్వ్‌లో పెట్టిన రెండు నిమిషాలకే బండి దగ్గి ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. గొట్టం చుట్టూ ఒక సన్నని జాలీ ఉంటుంది. కాక్ ఒంటి మీద, మీట వెనక, రంధ్రాలున్న గుండ్రటి రబ్బరు బిళ్ల ఉంటుంది. మీట తిరిగినప్పుడు ఏ రంధ్రం తెరుచుకోవాలో, ఏది మూసుకోవాలో తేల్చేది ఆ రబ్బరే. కొన్ని మోడళ్లకు అడుగున చిన్న గిన్నె కూడా ఉంటుంది. నీళ్లు, మట్టి దాంట్లో చేరతాయి.

తప్పు కాక్‌దేనా?

ముందు ఇది తేల్చుకోండి. కాక్ మార్చేసి, అయినా బండి నడవక, మళ్లీ షెడ్డుకి పోయేవాళ్లు చాలామంది ఉన్నారు.

కార్బొరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి, ఒక గాజు సీసాలో పెట్టండి. మీట ఆన్ చేస్తే ధార కట్టి రావాలి. రిజర్వ్‌లో కూడా అలాగే రావాలి. ఆఫ్‌లో పదిహేను నిమిషాలు వదిలేస్తే ఒక్క బొట్టు కూడా పడకూడదు. ఈ మూడు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ధార మొదట బాగా వచ్చి, కొద్దిసేపటికి సన్నబడి ఆగిపోతే కాక్‌ను వదిలేసి ట్యాంకు మూత చూడండి. మూతలో గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడితే ట్యాంకులోకి గాలి రాదు, గాలి రాకపోతే పెట్రోల్ దిగదు. మూత తెరవగానే ధార మళ్లీ పుంజుకుంటే తప్పు మూతదే. ఎర్రమట్టి రోడ్ల మీద, వాన తర్వాత బురద చిమ్మే దారుల్లో తిరిగే బళ్లకు ఇది తరచూ వస్తుంది. మూత కడిగి, ఆ రంధ్రంలోంచి గాలి ఊదితే చాలు, పైసా ఖర్చు లేదు.

ఆన్‌లో ధార ఆగి, రిజర్వ్‌లో మాత్రమే వస్తుంటే ట్యాంకులో పెట్రోల్ నిజంగా తక్కువుందేమో ముందు చూడండి. నిండుగా ఉండి కూడా ఆన్‌లో రాకపోతే జాలీయో గొట్టమో పూడిపోయింది. దీనికి తిరగబడిన జబ్బు ఇంకోటుంది: ఆన్‌లో ఉండగానే ట్యాంకు పూర్తిగా ఖాళీ అయిపోతుంది, రిజర్వ్ మిగలదు. లోపలి గొట్టం మొదట్లో విరిగిందనో, చీలిందనో అర్థం. దీనికి మరమ్మతు లేదు. కాక్ మొత్తం మార్చాలి.

ఆఫ్‌లో కూడా బొట్లు పడుతుంటే రబ్బరు బిళ్ల చెడింది. ఆఫ్‌లో ఒక్క బొట్టూ పడకుండా, ఆన్‌లో ఉన్నంతసేపు కార్బొరేటర్ కింది పైపులోంచి కారుతుంటే ఆ తప్పు కార్బొరేటర్ ఫ్లోట్ పిన్నుది, అంటే కార్బొరేటర్ గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే సూదిది. ఇక మీట చుట్టూ తడి ఉంటే మీట వెనకున్న రబ్బరు రింగు, ట్యాంకు అతుకు దగ్గర తడి ఉంటే అక్కడి రబ్బరు రింగు చెడినట్టు. తడి ఎక్కడిదో తెలియకపోతే అంతా పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఆగి, వేలితో తడిమి చూడండి. పైనుంచి కిందికి కారుతుంది కాబట్టి అన్నిటికంటే పైనున్న తడి చోటే అసలు మూలం.

కొన్ని బళ్లకు ఆఫ్ ఉండదు, ఆన్, రిజర్వ్, ప్రైమ్ (ఇంజన్ తిరగకపోయినా పెట్రోల్ వదిలేది) అని ఉంటుంది. అలాంటి కాక్‌కి ఇంజన్ వైపు నుంచి ఇంకో సన్న పైపు వస్తుంది. ఇంజన్ తిరిగినప్పుడు వచ్చే లాగుడుతోనే అది తెరుచుకుంటుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఆన్‌లో పెట్రోల్ రాకపోవడం దాంట్లో తప్పు కాదు. ఆ సన్న పైపులో పెట్రోల్ తడి కనిపిస్తే మాత్రం లోపలి పొర చిరిగింది, మార్చాల్సిందే.

విప్పే ముందు

ఇంజన్ పూర్తిగా చల్లబడాలి. ఆరుబయట, నీడలో పని పెట్టుకోండి. వంటింటి పక్కన, దేవుడి దీపం వెలిగే వరండాలో, ఇన్వర్టర్ ఉన్న గదిలో వద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. నేలబారుగా పాకుతుంది, మూలల్లో, గుంటల్లో నిలుస్తుంది. మీరు బీడీ కాల్చకపోవచ్చు, చూడ్డానికి వచ్చి పక్కన నిలబడే పెద్దమనిషి కాలుస్తాడు. ఆయన్ని మొహమాటపడకుండా పంపేయండి. బకెట్ ఇసుక, తడిపిన గోనెసంచి దగ్గర పెట్టుకోండి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పరుచుకుంటుంది. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేస్తే మంచిది, ముఖ్యంగా ట్యాంకుకి గేజ్ వైర్లు ఉన్న బళ్లకి.

ట్యాంకు ఖాళీ చేయడం

మీట రిజర్వ్‌లో పెట్టి పైపు ద్వారా గట్టి డబ్బాలోకి వదలండి. పల్చటి మంచినీళ్ల బాటిల్ వద్దు. కాక్ పూర్తిగా పూడిపోయి చుక్క కూడా రాకపోతే పైనుంచి తీయాలి. అందుకు కిరాణా కొట్టుల్లో దొరికే కిరోసిన్ పంపు చాలు. పైపు నోట్లో పెట్టి పీల్చడం మనవాళ్లకు మామూలైపోయింది కానీ, అది మానేయండి. మింగిన పెట్రోల్ కంటే ఊపిరితిత్తుల్లోకి పోయిన కొంచెమే ఎక్కువ ప్రమాదం.

పెట్రోల్ కొద్దిగానే ఉంటే ఇంకో దారి ఉంది. సీటు తీసి, ట్యాంకు వెనక బోల్టు విప్పి, పైపు, గేజ్ వైరు ఊడదీసి, ట్యాంకును వెనక్కి లాగి ఎత్తితే వచ్చేస్తుంది. దాన్ని పాత దుప్పటి మీద, కాక్ పైకి వచ్చేలా పక్కకు ఒరిగించి పెట్టండి. మూత వైపు కిందికి రాకుండా చూసుకోండి, మూత నుంచి కారుతుంది. ఇలా చేస్తే ట్యాంకు లోపలికి టార్చి వేసి చూసే వీలు కూడా ఉంటుంది. టార్చి బయటే ముందు వెలిగించి దగ్గరికి తీసుకురండి, ట్యాంకు నోటి దగ్గర స్విచ్ నొక్కొద్దు.

కాక్ ఊడదీయడం

రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి రెండు చిన్న బోల్టులతో ట్యాంకుకి బిగించినది, దానికి పది నంబరు పానా సరిపోతుంది. ఇంకోటి ఒకే పెద్ద నట్టుతో ఉండేది. ఈ రెండో దానిలో నట్టు తిప్పుతుంటే కాక్ కూడా దాంతోపాటే తిరగబోతుంది. ఒక చేత్తో కాక్‌ను గట్టిగా పట్టుకోండి, లేకపోతే లోపలి గొట్టం, జాలీ ట్యాంకు గోడకు తగిలి వంకరపోతాయి. బోల్టుల కింద వాషర్లుంటే అవి జాగ్రత్త. తిరిగి బిగించేటప్పుడు అవి లేకపోతే అక్కడినుంచే కారుతుంది.

కాక్ నిలువుగా, తిన్నగా కిందికి లాగండి. బయటికి రాగానే జాలీ కడిగేయకండి. ముందు దాంట్లో ఏముందో చూడండి. నా లెక్కలో ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నిమిషం ఇదే.

జాలీకి తుప్పు రేకులు, ఎర్రటి పొడి అంటుకుని ఉంటే జబ్బు ట్యాంకుది. ఎర్రమట్టి అయినా ఇలాగే కనిపిస్తుంది. వేళ్ల మధ్య నలిపి చూడండి: మట్టి మెత్తగా అంటుకుంటుంది, తుప్పు గరగరలాడుతుంది. నల్లటి మెత్తని ముక్కలుంటే లోపలి రబ్బరో, నింపేటప్పుడు వాడిన గొట్టమో కరుగుతోంది. గిన్నె అడుగున నీటి బిందువులు బంతుల్లా దొర్లుతుంటే నీళ్లు చేరాయి. మూత రబ్బరు చెడి వాన నీళ్లు దిగాయా, బాటిల్ పెట్రోల్‌తో వచ్చాయా అన్నది ఆలోచించండి. మన వైపు బంకు దూరమైన ఊళ్లలో కొట్టు ముందు సీసాల్లో అమ్మే పెట్రోల్ ఎండలో, దుమ్ములో ఉంటుంది, దాంట్లో ఏం కలిసిందో అమ్మేవాడికే తెలియాలి. తప్పనిసరై కొంటే తెల్లటి సన్న నూలు గుడ్డలో వడగట్టి పోసుకోండి. మట్టిని ఆపుతుంది, నీళ్లను మాత్రం పూర్తిగా ఆపదు.

బంకు పెట్రోల్ కూడా మునుపటిది కాదు. 2022 జూన్ నాటికి దేశమంతటా సగటున పది శాతం ఇథనాల్ కలపడం పూర్తయింది. 2025కి అది ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ఎక్కువ నీళ్లు చేరితే అది పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది, అంటే నేరుగా రిజర్వ్ రంధ్రం దగ్గరికి. వానాకాలం నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపి ఉంచిన బండిలో ఇదే జరుగుతుంది. ఇరవై ఏళ్ల కిందట తయారైన రబ్బర్లు ఇంత ఇథనాల్‌కి తట్టుకునేలా చేసినవి కావు, ఉబ్బుతాయి లేదా పెళుసుబారతాయి. కాబట్టి కొత్త రబ్బరు కొనేటప్పుడు ఇథనాల్ పెట్రోల్‌కి పనికొచ్చేదేనా అని అడిగి తీసుకోండి. 2018 అక్టోబరు తిత్లీ తుపానులాంటి వరదలో మునిగిన బండైతే కాక్ ఒక్కటే మార్చి లాభం లేదు, ట్యాంకు, పైపు, కార్బొరేటర్ అన్నీ విప్పి కడగాలి.

మీట విప్పి రబ్బరు మార్చడం

మీట మీద రెండు చిన్న స్క్రూలుంటాయి. కొన్ని కాక్‌లకు స్క్రూల బదులు రివిట్‌లుంటాయి, వాటిని విప్పలేం, కొత్తది కొనడమే. స్క్రూలు మెత్తటి లోహం, త్వరగా తల చెడిపోతుంది. కొలతకు సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టి, వెనక నుంచి సుత్తితో ఒకటి రెండుసార్లు తట్టి, అరచేత్తో గట్టిగా నొక్కుతూ తిప్పండి. ముందు రోజు రాత్రి తుప్పు వదిలే నూనె రెండు చుక్కలు వేసి ఉంచితే ఇంకా సులువు.

విప్పేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. పై పలక, అల ఆకారంలో వంగిన స్ప్రింగ్ వాషర్, మీట, దాని చుట్టూ సన్నటి ఓ-రింగ్, చివర్లో రంధ్రాల రబ్బరు, ఇదే వరుస. స్ప్రింగ్ వాషర్ ఎగిరి ఎక్కడో పడుతుంది, కింద తెల్లగుడ్డ పరుచుకోండి.

రబ్బరు తీశాక మీట వెనక తలాన్ని పరీక్షించండి. రబ్బరుకు రుద్దుకున్న చోట గీతలు పడి ఉంటే కొత్త రబ్బరు వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ కారుతుంది. అద్దం ముక్క మీద వెయ్యి నంబరు వాటర్ పేపరు పరిచి, కొద్దిగా నూనె వేసి, ఆ తలాన్ని గుండ్రంగా తిప్పుతూ నునుపు చేయండి. ఎక్కువ రుద్దొద్దు, గీతలు పోతే చాలు. తర్వాత పొడి అంతా కడిగేయాలి, లేకపోతే అదే కార్బొరేటర్ జెట్‌లోకి, అంటే పెట్రోల్ పోయే సన్న రంధ్రంలోకి పోతుంది. లోహపు భాగాలు పెట్రోల్‌లో పాత టూత్‌బ్రష్‌తో తోమండి, రంధ్రాల్లో లోపలి నుంచి బయటికి గాలి ఊదండి. సన్నని రంధ్రాల్లో తీగ పెట్టి పొడవొద్దు.

పాత రబ్బరును తిరగేసి వేసే చిట్కా మీరు వినే ఉంటారు. దారిలో ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతకుమించి దాన్ని నమ్ముకోవద్దు. ఎం-సీల్, సిలికాన్ జిగురు పూయడమైతే నాకు అస్సలు నచ్చదు. సిలికాన్ పెట్రోల్‌లో ఉబ్బి, తొక్కల్లా ఊడి, జెట్‌లో ఇరుక్కుంటుంది. ఎం-సీల్ వేసిన కాక్‌ను మళ్లీ విప్పాలంటే పగలగొట్టాలి. ఎవరైనా ట్యాంకు అతుకు మీద ఎం-సీల్ ముద్ద పెట్టి ఇచ్చారంటే వాళ్లు మరమ్మతు చేయలేదు, మరకను దాచారు.

కొనడం

రబ్బరు సెట్టు మాత్రమే దొరికితే మంచిదే. అది దొరక్కపోతే కాక్ మొత్తం కొనండి, అదీ పెద్ద ఖర్చేమీ కాదు. జయపురం, రాయగడ, బరంపురంలో విడిభాగాల కొట్లున్నాయి. పర్లాకిమిడి వాళ్లకు శ్రీకాకుళం, రాయగడ వాళ్లకు పార్వతీపురం కూడా దగ్గరే. పాతది జేబులో వేసుకుని వెళ్లండి, బండి పేరు చెబితే సరిపోదు. ఒకే మోడల్‌కి కాలం మారేకొద్దీ కాక్‌లు మారాయి. కొట్టులో పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి, బోల్టు రంధ్రాల మధ్య దూరం, లోపలి గొట్టం పొడవు, పైపు తగిలించే నిపుల్ ఏ వైపు తిరిగి ఉంది, దాని లావెంత, ఇవన్నీ చూడండి. గొట్టం పొట్టిగా ఉంటే రిజర్వ్ తక్కువ మిగులుతుంది, పొడుగ్గా ఉంటే ట్యాంకులో పెట్రోల్ బోలెడుండగానే ఆగిపోతుంది. పెట్రోల్ పైపు, క్లిప్పులు కూడా అదే చేత్తో కొనేయండి. ఎండి పగిలిన పైపును కొత్త కాక్‌కి తగిలించడం ఎందుకు?

తిరిగి బిగించడం

ట్యాంకులో కాస్త పెట్రోల్ పోసి కుదిపి, అడుగు కడిగి వంచేయండి. శుభ్రంగా వచ్చేదాకా రెండు మూడుసార్లు ఇలా చేయండి. తుప్పు ఎక్కువుంటే ఇది చాలదు, ట్యాంకు శుభ్రం చేయడం వేరే పని, షెడ్డుకి ఇవ్వడమే మేలు.

కొత్త రింగులకు ఒక్క చుక్క ఇంజన్ ఆయిల్ పూయండి, బిగించేటప్పుడు మెలిపడకుండా ఉంటాయి. జాలీని ట్యాంకులోకి తిన్నగా దించండి. రెండు బోల్టుల రకమైతే ఒకటి పూర్తిగా బిగించి రెండోది పట్టుకోవద్దు, ఇటు కాస్త అటు కాస్త బిగిస్తూ పోండి. కాక్ ఒళ్లు మెత్తటి లోహం, ట్యాంకు మరలు పల్చటివి. బిగుతు తగిలాక ఇంకో పావు చుట్టు చాలు. పానాకి పైపు తొడిగి బలం పెట్టారో, మర పోతుంది, అప్పుడు ట్యాంకుకే ఖర్చు.

పరీక్ష

అర లీటరు మాత్రమే పోయండి. అంతా పొడిగా తుడిచి, కింద పాత పేపరు పరిచి, మూడు స్థానాల్లోనూ ఒక్కో పావుగంట వదలండి. మీట చుట్టూ, అతుకు దగ్గర వేలు పెట్టి చూడండి. తర్వాత మళ్లీ సీసా పరీక్ష: ఆఫ్‌లో బొట్టు పడకూడదు. ఇవి రెండూ సరిగ్గా ఉన్నాకే ట్యాంకు నింపండి, నిండు ట్యాంకు బరువుకు ఇంకోసారి తుడిచి చూడండి.

స్టార్ట్ చేసే ముందు ఇంకో పని ఉంది. కాక్ చాలా రోజులుగా ఆఫ్‌లో ఆగకుండా కారుతుంటే, కార్బొరేటర్ ఫ్లోట్ పిన్ను కూడా బలహీనంగా ఉంటే, ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్‌వి కాని బళ్లలో ఆ పెట్రోల్ ఇంజన్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన గుప్పున కొట్టినా, మట్టం గీత పైకి వచ్చినా, వేలి మీద నీళ్లలా జారినా ఆయిల్ వెంటనే మార్చేయండి. ఆ ఆయిల్‌తో నడిపితే పిస్టన్, బేరింగులు అరుగుతాయి, దాని ఖర్చు ముందు కాక్ ధర ఏ మూలకీ రాదు. కిక్ గట్టిగా పట్టేసి కదలకపోతే సిలిండర్‌లో పెట్రోల్ నిండి ఉండవచ్చు. బలవంతం చేయకుండా ప్లగ్ విప్పి, మొహం పక్కకు పెట్టి, కిక్ నెమ్మదిగా తిప్పండి. ప్లగ్ వైరును దూరంగా కట్టేయాలి, నిప్పురవ్వ రాకూడదు.

తీసిన పెట్రోల్ గాజు సీసాలో ఒక రాత్రి ఆగనివ్వండి. అడుగున వేరే పొర కనిపిస్తే పై భాగం మాత్రమే వాడుకోండి. ఆ అడుగు కాలువలో, పొలం గట్టున, బావి దగ్గర పోయొద్దు.

దారిలో చెడితే

కోరాపుట్ ఘాట్ మీదనో, మోహన దాటాక అడవి దారిలోనో బండి దగ్గి ఆగితే ముందు మూత తెరిచి మూయండి, తర్వాత రిజర్వ్. రెండూ కాకపోతే పైపు ఊడదీసి సీసాలో ధార చూడండి. రాకపోతే మూత తెరిచి ఉంచి, సైకిల్ పంపుతో పైపులోంచి ట్యాంకు వైపు గాలి కొట్టండి. జాలీకి అతుక్కున్న చెత్త వెనక్కి తప్పుకుంటుంది. ఇంటిదాకా చేరుస్తుంది, తర్వాత విప్పక తప్పదు. రిజర్వ్ కూడా అయిపోయిందనిపిస్తే బండిని కాక్ ఉన్న వైపుకి బాగా వంచి, మళ్లీ నిలబెట్టండి. ట్యాంకు నడుమ ఫ్రేమ్ మీద గట్టులా ఎత్తుగా ఉంటుంది. అవతలి పక్క మిగిలిన పెట్రోల్ అలా ఇటు దొర్లి వస్తుంది. ఒకట్రెండు కిలోమీటర్లు లాగించవచ్చు.

కాక్ ఆఫ్‌లో కూడా కారుతూ, రాత్రికి బండి ఎక్కడో వదలాల్సి వస్తే పైపును రెండు మడతలుగా వంచి గట్టి దారంతో బిగించి కట్టండి. కార్బొరేటర్‌కి పోయే పెట్రోల్ ఆగుతుంది. కారేది మీట దగ్గరో ట్యాంకు అతుకు దగ్గరో అయితే మాత్రం ఈ కట్టు పనికిరాదు, బండి నడపకూడదు కూడా. ఆ బొట్లు పడేది వేడెక్కిన ఇంజన్ మీద. ఆపి, ట్యాంకు ఖాళీ చేసి, ఆటో ట్రాలీలో ఎక్కించి తెచ్చుకోండి.